అవ్వ చేతి కరెంటు

వంచితే కరెంటు పుట్టే దారం మా ల్యాబులో తయారుచేసేవాళ్లం. పుట్టేది ఆవగింజంత కరెంటే. అయినా ఆ దారాన్ని బట్టలో కుట్టి, తొడుక్కున్న మనిషి చెయ్యి ఆడిస్తుంటే, బ్యాటరీ లేకుండానే ఒక చిన్న చిప్పు నడుస్తుంది. తగినంత కరెంటు జమైనప్పుడల్లా ఆ చిప్పు ల్యాప్‌టాప్‌కు ఒక చుక్క పంపుతుంది. ఆ చుక్కల కోసం హైదరాబాద్‌లో మూడేండ్లు పడిగాపులు కాశాను.

మూడో ఏడు చివర దారం తీసే మిషను పాడైంది. నా దగ్గర మిగిలింది ఒక్క మూరెడు. అప్పుడే మా గైడు సారు తేల్చి చెప్పారు. "పని చేసుకునే మనిషికి వారం రోజులు తొడిగించమ్మా. చెయ్యి కదిలినంతసేపూ చుక్కలు రావాలి. రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు." మూసేస్తే నా చదువు కూడా అక్కడితో సరి.

నాకు వెంటనే అవ్వ గుర్తొచ్చింది. అవ్వంటే మా అమ్మే, మా వైపు అలాగే పిలుస్తాం. బోధన్‌లో బీడీలు చుడుతుంది. పొద్దున్నే ఆకులూ తంబాకూ వేసిన చాట ఒళ్లో పెట్టుకుందంటే మళ్లీ దీపాలు పెట్టేదాకా లేవదు. అంతకంటే మంచి చెయ్యి నాకు ఎక్కడ దొరుకుతుంది? మోచేతి నుంచి వేళ్ల మొదలు దాకా వచ్చే గుడ్డ తొడుగు కుట్టి, లోపల దారం వేసి, డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. నిజామాబాద్‌లో బస్సు మారాక పక్కనున్న ఆమె సంచి ఆ డబ్బాకు తగిలితే, ఊరికే కసిరేశాను. అప్పటికే నా బుర్ర సరిగ్గా లేదు.

మరునాడు పొద్దున నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి, అవ్వ తొడుగు కొసకు తడి పసుపు రాస్తోంది. సరిగ్గా దారం చిప్పును కలిసే చోట.

"ఏం పని చేసినవే అవ్వా! దారం ఖరాబైతది!"

"కొత్త బట్ట బిడ్డా. పసుపు పెట్టకుంట ఎట్ల తొడుక్కోవాలె? నీకు మంచిగ కావాలనే పెట్టిన."

బ్యాటరీల షాపుకు ఉరికి, వాటిలో పోసే, ఉప్పు లేని శుద్ధమైన నీళ్లు కొనుక్కొచ్చాను. దూదితో తుడిచాను, ఫ్యాను కింద ఆరబెట్టాను. తొడిగితే చుక్కలు వచ్చాయి. నేను లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు, అవ్వ బయట అరుగు మీద. మధ్యాహ్నం దాకా ఊపిరి పీల్చుకున్నాను. అన్నం తిన్న తర్వాత చుక్కలు తెగిపోవడం మొదలైంది. కాసేపు ఆగడం, మళ్లీ రావడం, మళ్లీ ఆగడం. రెండో రోజూ అంతే. మూడో రోజు ఖాళీలు ఇంకా పెరిగాయి.

నాకు పిచ్చెక్కినట్టయింది. తొడుగు విప్పి ఆరబెట్టాను, కుట్లు విప్పి మళ్లీ కుట్టాను, చెమట పట్టకుండా లోపల ప్లాస్టిక్ కాగితం వేశాను. ఏం చేసినా మధ్యాహ్నం దాటితే అదే వరస. నాలుగో రోజు అవ్వ మీద పడ్డాను. "నీ పసుపే నా మూడేండ్లు మింగింది" అన్నాను. అవ్వ తలొంచుకుని ఇంకా గబగబా చుట్టింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఐదో రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తీసుకుని అరుగు మీదికే వచ్చి, అవ్వకు ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి ఏ వైపు తిరిగినప్పుడు దారం పనిచేయడం లేదో చూసి, అక్కడ కుట్టు మార్చాలని నా ఆలోచన. కొంతసేపటికి చుక్కలు ఆగాయి. విసుక్కోబోతూ తలెత్తాను.

అవ్వ కుడిచెయ్యి చాటలో పడి ఉంది. సగం చుట్టిన ఆకు వేళ్ల మధ్య విచ్చుకుంటోంది. ఎడమచేత్తో ఆ వేళ్లను ఒక్కొక్కటే పిసుకుతోంది. అవి కదలడం లేదు.

"తిమ్మిరి బిడ్డా. జరసేపైతే మల్ల వస్తది."

"ఎప్పటి సంది?"

"పోయిన చలికాలం సంది. పగటి అన్నం దాకా మంచిగనే ఉంటది. అటెన్క వేళ్లు ఉన్నట్టే తెల్వది. నువ్వు పరేషాన్ అయితవని సెప్పలే."

దారాన్ని అనుమానించాను, పసుపును తిట్టాను, చెమటను తిట్టాను. అవ్వ చెయ్యి ఆగుతుందని మాత్రం ఐదు రోజుల్లో ఒక్కసారీ తోచలేదు.

"దారం ఖరాబు కాలే అవ్వా," అన్నాను. "నీ చెయ్యి ఆగినప్పుడే చుక్కలు ఆగుతున్నయి."

అవ్వ ముఖం విప్పారింది. "నిజంగనా? అయితే నీ దారం మంచిగనే ఉన్నట్టు కదా!"

ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే, సిగ్గు లేకుండా, ఇంకో సంగతీ తోచింది. ఆగిన చేతిని చూపిస్తే ఆ ఖాళీలను సారు ఒప్పుకుంటారు. అప్పుడే తొడుగు విప్పేసి అవ్వను దవాఖానకు తీసుకుపోవాల్సింది. కానీ వారం నిండటానికి ఇంకా రెండు రోజులున్నాయి. నేను ఫోను తీశాను.

"గట్లనే ఉంచు అవ్వా, వీడియో తీస్త."

కెమెరాకు బాగా కనబడాలని అవ్వ ఎడమచేత్తో ఆ కుడిచేతిని ఎత్తి, చాట మధ్యలోకి జరిపి పెట్టింది.