మేడం గారు తీయనివ్వని యాప్

నలతగా ఉందని సెలవు పెట్టి ఊరెళ్ళిన మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ మేడం గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా చెయ్యి మౌస్ మీదే ఉంది. "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ పనిలో పడ్డాను. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

పరీక్షలకి కంప్యూటర్లన్నీ సిద్ధం చెయ్యాలి. ముందు ఒక్కదాంట్లో, కొన్నప్పుడే దాంతోపాటు వచ్చిన ఆటలూ, షాపింగ్ యాప్‌లూ తీసేసి, దాని నకలు మిగతావాటిలోకి ఎక్కిస్తాం. అసిస్టెంట్‌గా చేరిన నాకు ఆ పని నేర్పింది మేడం గారే. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కలుపు తీసినట్టు ఒక్కొక్కటీ పీకేవారు. "ఏమయ్యా, నీ లాగిన్‌లో కనపడకపోతే పోయినట్టు కాదు. కొత్త పేరుతో తెరిచి చూడు, మళ్ళీ మొలుస్తాయి" అనేవారు. నిజంగానే మొలిచేవి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

వాతావరణం యాప్ మాత్రం తీయనిచ్చేవారు కాదు. "అదీ చెత్తే కదండీ" అని ఒకసారి వాదించాను.

"మన పిల్లల మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయయ్యా. మబ్బేస్తే వీళ్ళకి పాఠం ఎక్కుద్దా?" అన్నారు.

వాన వచ్చేలా ఉంటే తన ఫోన్ పిల్లలకి ఇచ్చేవారు. "నాన్నా, పట్టాలు కప్పండి" అని ఒకరి తర్వాత ఒకరు ఇంటికి చెప్పుకునేవారు.

ఆ రోజు తొందరలో నేను దాన్నీ తీసేశాను. అన్నిటికీ ఎక్కించాకే మేడం గారి ఊరు సింగరాయకొండకి బస్సెక్కాను. వెళ్ళేసరికి భూస్థాపన అయిపోయింది. మేడం గారి భర్త నా చెయ్యి పట్టుకుని, "పరీక్షల టైము కదయ్యా. నువ్వు లేకపోతే ల్యాబే లేదని ఎప్పుడూ చెప్పేది" అన్నారు. తలెత్తలేకపోయాను. పరీక్షలకి ఇంకా వ్యవధి ఉంది. ఆవిణ్ణి అలా చూడలేక ఆగిపోయానని చెప్పుకుందామంటే అదీ సాకే. పని సగంలో వదలడం ఇష్టం లేకపోయింది, అంతే.

నిన్న మధ్యాహ్నం మబ్బేసింది. "సార్, వాన చూపించేది ఏది సార్?" అన్నారు పిల్లలు. నేను నోరు విప్పేలోపే ఒకమ్మాయి వెళ్ళి మేడం గారి కంప్యూటర్ ఆన్ చేసింది. ఆ రోజు అది ఆపేసి ఉండడంతో నా నకలు దానికి ఎక్కలేదు. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. సాయంత్రానికి వాన ఉందట.

నా ఫోన్ తీసి ఆ అమ్మాయికి ఇచ్చాను. వంతులవారీగా ఇళ్ళకి చెప్పుకున్నారు, అందరూ నిలబడే. మేడం గారి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.