చప్పుడు ఆగిన చోట

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, జూలైలో, నన్ను వార్డు డ్యూటీ నుంచి వరంగల్‌లోని ఒక నర్సింగ్ స్కూలుకు ట్యూటర్‌గా వేశారు. స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి, మధ్యలో పై చదువు చదువుకున్నవాళ్లకు సర్వీసు చివర్లో దొరికే పోస్టు అది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ప్రాక్టికల్. ప్రాక్టికల్ గదిలో వరుసగా మంచాలు, వాటి మీద మెడదాకా దుప్పటి కప్పిన బొమ్మలు. అమ్మాయిలు వాటికి పేర్లు పెట్టుకున్నారు. ఒక్కదాన్నే తాళం తీసి లోపలికి పోయేటప్పుడు నేను మాత్రం వాటి ముఖాల వైపు చూసేదాన్ని కాదు.

మా ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. ఆయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. మగ్గం మా ముందు గదిలోనే. పంజా అని ఇనప పళ్ల దువ్వెన లాంటి పనిముట్టు ఉంటుంది, దానితో ఒక్కొక్క పోగును కిందికి దట్టించి కొడతారు. ముప్పై ఏళ్లు ఆ దెబ్బ వింటూనే నేను చదువుకున్నాను, వండాను, నిద్రపోయాను. ఆయన పోయాక మగ్గం మీద సగం నేసిన జంపఖానా అలాగే ఉంది. దాని మీద ఒక పాత చీర కప్పాను.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిని ఒత్తిగిలి పడుకుంటే ముందు గదిలో పంజా చప్పుడు వినిపించింది. తొందర లేదు, ఒకే లయ. లేచి వెళ్లి చూశాను. చీర కదల్లేదు. మా వీధిలో పవర్‌లూమ్‌లు ఉన్నాయి కాబట్టి అవేననుకున్నాను. తర్వాతి ఆదివారం కరెంటు లేదు, వీధంతా ఆగిపోయి ఉంది. దిండుకు చెవి ఆనించగానే మళ్లీ అదే.

మా ఆడబిడ్డ సరోజన వచ్చినప్పుడల్లా, "వదినా, ఆ మగ్గం ఇప్పియ్యరాదా? ఎందుకు కండ్ల ముందట?" అనేది. చూద్దామనేదాన్ని. చప్పుడు సంగతి చెప్తే ఆ సాయంత్రమే మగ్గం విప్పించేది. విప్పితే చప్పుడు పోతుందేమో. అది పోవాలని నాకు లేదు.

సెప్టెంబరులో మొదటి ఏడు వాళ్ల సప్లిమెంటరీ ప్రాక్టికల్ వచ్చింది. అంశం బీపీ చూడడం. బయటినుంచి వచ్చే పరీక్షాధికారిని ఎక్స్‌టర్నల్ అంటారు. ఆసారి వచ్చినావిడ గ్రేసమ్మగారు, నాకంటే సీనియర్. వార్డు నుంచి రోగిని తెచ్చి ఇంతమంది చేత చేయి బిగింపించడం బాగుండదని, మా స్కూల్లో ఒక ట్యూటరే కుర్చీలో కూర్చునే అలవాటు ఉండేది. ఆసారి నేను కూర్చున్నాను. నా అంకె అందరికీ తెలిసిందే: నూట ముప్పై ఆరు, ఎనభై ఎనిమిది. వయసుకు మామూలే అనేవారు.

బీపీ చూడడంలో రెండు మెట్లు ఉన్నాయి. మొదట మణికట్టు దగ్గర నాడి మీద వేళ్లు పెట్టి పట్టీలోకి గాలి కొడుతూ పోవాలి. నాడి ఏ అంకె దగ్గర అందకుండా పోతుందో చూసుకొని, అక్కడి నుంచి ఇంకో ముప్పై పైకి ఎక్కించాలి. అప్పుడు మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి మెల్లగా గాలి వదలాలి. చప్పుడు మొదలైన అంకె పైది, ఆగిన అంకె కిందిది. ఓపీ రద్దీలో మొదటి మెట్టు ఎవరూ ఎక్కరు. నూట అరవై దాకా కొట్టి వదిలేస్తారు. చాలామందికి అది సరిపోతుంది కాబట్టి అలవాటు నిలబడిపోయింది. పరీక్షలో కూడా అమ్మాయిలు నాడి పట్టుకున్నట్టు చేసి వదిలేసేవారు.

చివరగా స్వరూప వచ్చింది. నెక్కొండ దగ్గర పల్లె. ఒకసారి ఇదే అంశంలో తప్పింది. "ఈసారి పోతే మా నాయిన మిరపతోటకే తోలుకపోతడు మేడం, మీరే దిక్కు," అని ముందురోజు నాతో అంది. భయం కొద్దీ ప్రతి మెట్టూ వదలకుండా చేస్తోంది. నా మణికట్టు పట్టుకొని గాలి కొడుతూ నూట అరవై దాటింది, నూట ఎనభై దాటింది.

"ఆగవేంది తల్లీ," అని నాడితో గొణిగింది.

"ఏమే, చెయ్యి పగలగొడతవా?" అని గ్రేసమ్మగారు నవ్వారు.

తర్వాత స్టెతస్కోపు పెట్టి గాలి వదిలింది. విన్నది. మొహం చిట్లించింది. నిమిషం ఆగి మళ్లీ మొదటి నుంచి చేసింది.

"చప్పుడు వచ్చింది మేడం. మల్ల పోయింది. మల్ల వచ్చింది."

"రేడియోనా అది?" అన్నారు గ్రేసమ్మగారు.

"మేడం చెయ్యే అట్లుంది, నేనేం జెయ్యాలె. చప్పుడు లేనప్పుడు గూడ నాడి కొట్టుకుంటనే ఉంది."

"ఒక్క అంకె చెప్పు బిడ్డా."

"రెండు వందల నాలుగు, ఎనభై ఎనిమిది."

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయిలు నవ్వారు. గ్రేసమ్మగారు నా వైపు చూసి, ఆ బీపీ ఉన్నోళ్లు ఇట్ల కుర్చీల కూసొని ముచ్చట పెడ్తరా అని, మార్కు వేయడానికి పెన్ను తీశారు. ఆ పిల్ల తప్పయితే ఇంటికి పోతుంది. ఒప్పయితే నాకు జబ్బు. ఒక్క క్షణం, ఆ పిల్ల తప్పయితే బాగుండనిపించింది. తర్వాత గ్రేసమ్మగారిని ఆగమన్నాను. బీరువాలో రెండు జతల చెవిగొట్టాలున్న స్టెతస్కోపు ఉంది. నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు ఒకేసారి వినడానికి చేసింది. ఒక జత ఆవిడకిచ్చి, ఒకటి నేను పెట్టుకున్నాను. గాలి స్వరూప కొట్టింది.

రెండు వందల నాలుగు దగ్గర మొదలైంది. నూట డెబ్బై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. గ్రేసమ్మగారు నా మణికట్టు మీద వేళ్లు పెట్టారు. చెవిలో ఏమీ లేదు, కానీ గాజు గొట్టంలో పాదరసం దిగుతూ దిగుతూ ఒక్కో దెబ్బకు ఉలిక్కిపడుతోంది. ఆవిడ పెదవులు దెబ్బలు లెక్కపెడుతున్నాయి. గదిలో ఎవరూ నవ్వడం లేదు. పక్క మంచం మీది బొమ్మ చేయి బయటపెట్టుకొని తన వంతు కోసం చూస్తున్నట్టు ఉంది. నూట ముప్పై ఆరు దగ్గర చప్పుడు తిరిగి వచ్చింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఆదివారాలు ముందు గదిలో వినేది అదే.

గట్టిపడ్డ రక్తనాళాలున్న కొందరిలో ఇలా మధ్యలో చప్పుడు మాయమవుతుంది. పుస్తకంలో రెండు వాక్యాలుంటాయి, నేనే ఏడాదికోసారి చదివి వినిపించేదాన్ని. నూట అరవై దాకా కొట్టినవాళ్లందరూ ఆ నిశ్శబ్దం మధ్యలో దిగి, కింద మొదలైన చప్పుడును పైఅంకె అనుకున్నారు. గ్రేసమ్మగారు స్వరూపకు పూర్తి మార్కులు వేసి, నన్ను ఆటో ఎక్కించి దవాఖానకు పంపారు. ఆటో దాకా వచ్చిన స్వరూప, "నన్ను తిట్టుకోకుండ్రి మేడం," అంది. ఇప్పుడు ఆమె పరకాలలో స్టాఫ్ నర్సు.

సాయంత్రం మాత్రల పొట్లంతో ఇంటికి వచ్చి, వెంటనే వేసుకోలేదు. ముందు గదిలో మగ్గం పక్కన చాప వేసుకొని, దిండుకు చెవి ఆనించి పడుకున్నాను. చప్పుడు మొదలైంది. అప్పుడు మణికట్టు మీద వేలు పెట్టుకున్నాను. ప్రతి దెబ్బా వేలి కింద పడింది. ఒక్కటైనా తప్పుతుందేమోనని చాలాసేపు చూశాను. తప్పలేదు. లేచి మాత్ర వేసుకున్నాను.

కొన్ని వారాల్లో పైఅంకె దిగింది, చప్పుడు పలచబడింది. ఒక ఆదివారం ఎంతసేపు పడుకున్నా వినిపించలేదు. తర్వాత సరోజనను నేనే పిలిచి మగ్గం విప్పించాను. సగం జంపఖానాకు అంచు కుట్టించి వాడుతున్నాను.

చెవికి అందనిది ఆగిపోయినట్టు కాదని, చెవికి అందినది ఉన్నట్టూ కాదని, రెంటికీ వేలు పెట్టి చూడాలని ఆ పరీక్ష నాకు నేర్పింది. రిటైరయ్యాక ఎక్కడ చేత్తో గాలి కొట్టే మిషన్‌తో బీపీ చూసినా, ముందు నాడి పట్టుకోమ్మా అంటాను. వెనక లైన్ ఉంది మేడం అంటారు. ఉండనీ అని, పట్టుకునేదాకా గాలి కొట్టనివ్వను.