గోడ మీది ఎర్ర రాత

మా ఊరు జూలూరుపాడు దాటినంక అడవి మొదలయ్యే కాడ ఉంటది. మా ఇల్లు రోడ్డు పక్కనే. ముందు గోడ పొడుగ్గ, సాపుగ, బస్సుల పోయేటోళ్లందరికీ కనపడేటట్టు ఉంటది.

ఆ గోడ మీద మొదటి రాత నా పెండ్లిది. మా దిక్కు పెండ్లి కుదిరితే ఇంటికి సున్నమేసి, పెయింటర్‌ను పిలిచి, తలుపు పక్కన పిల్ల పేరు, పిలగాని పేరు, రెండు చిలకలు రాయిస్తరు. ఇంట్ల ఇంకో పెండ్లి అయ్యేదాక దాన్నెవరూ చెరపరు. అమ్మకు నేనొక్కదాన్నే బిడ్డను. అందుకే నా పేరు అట్లనే ఉండిపోయింది. నేను వైరాల దవాఖానాల నర్సు కొలువు చేసుకుంట అక్కడే ఉంటున్న. అమ్మ ప్రతి దసరాకు గోడంత సున్నమేసేది గని, నా పేరు కాడికొచ్చేసరికి చుట్టూ బ్రష్ తిప్పి వదిలేసేది.

రెండో రాత సారుది. సారంటే మా దిక్కు లీడరు, పేరెందుకు లెండి. ఓట్లప్పుడు ఆ పెయింటరే వచ్చి, "చిన్నమ్మా, సారు పేరు రాయాలె, గోడ ఇస్తవా?" అని అడిగిండు. అమ్మ ఒక్క పైసా అడగలే. "గోడే గదా బిడ్డా, రాసుకో. నా బిడ్డ పేరు మాత్రం ముట్టకు" అన్నది. మా నాయిన పోయినప్పుడు సారు మా అరుగు మీద కూసోని చాయ్ తాగిపోయిండు. దానికే మా అమ్మ ఆయన్ను నెత్తిన పెట్టుకున్నది.

ఇగ కోతుల గోస. అడవిల తినటానికేం లేక ఊరి మీద పడ్డయ్. మాది పెంకుటిల్లు. పొద్దున లేస్తే పెంకులు పీకుడే వాటి పని. వానొస్తే ఇంట్ల మూలమూలకు గిన్నెలు పెట్టుకునేది. స్లాబు పోయించాలని అమ్మ పట్టుబట్టింది. సర్కారు బ్యాంకుకు పోతే రిజిస్ట్రేషన్ కాయితం అడిగిండ్రు. తాతల నాటి ఇంటికి కాయితం ఏడికెళ్లి వస్తది? పంచాయతీల కట్టిన ఇంటి పన్ను రసీదు తప్ప మా కాడ ఇంకోటి లేదు.

గప్పుడే ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ మా దిక్కు ఆఫీసు తెరిచింది. రిబ్బన్ కత్తిరించింది సారే. మైకు పట్టుకొని, "ఇన్నేండ్లు బ్యాంకులు పేదోణ్ణి గుమ్మం బయటనే నిలబెట్టినయ్. నేను పైదాక పోయి కొట్లాడి రూల్స్ వదులు చేయించిన. ఇగ పన్ను రసీదు చూపెట్టుండ్రి, లోను తీసుకపోండ్రి" అన్నడు. చప్పట్లే చప్పట్లు. ఆయన ఏ రూల్ వదులు చేయించిండో మాకెవరికీ తెల్వదు. ఆ ఆఫీసు బిల్డింగ్ ఆయనదేనని, కిరాయి ఆయనకే పోతదని, ఇల్లిల్లు తిరిగి సంతకాలు పెట్టించే ఏజెంటు ఆయన అల్లుడేనని తర్వాతెప్పుడో తెలిసింది. ఇల్లు మాదేనని రాసిచ్చేటందుకు రోజుల తరబడి తిప్పే పంచాయతీ సర్టిఫికెట్ గూడ మాకు జల్దీ వచ్చింది.

ఆ లోనుతోని స్లాబు పడ్డది. పైన కోతులు నడుస్తుంటే కింద మంచంల కూసోని మా అమ్మ నవ్వేది. "పీకుండ్రే ఇప్పుడు, చూస్త!" అని వాటిని ఎక్కిరించేది. అమ్మను అంత సంతోషంగ నేనెప్పుడూ చూడలే.

కిస్తులు తప్పకుండ కట్టింది. పత్తి ఏరబోయేది, బర్రె పాలు అమ్మేది. వైరా కాలవ కింద వాళ్లమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన మడిచెక్క ఉండె, దాని కౌలు పైసలు కలిపేది. కొడుకులున్న ఇంట్ల బిడ్డకంటూ ఇచ్చిన భూమి అది. మా అమ్మకు అదంటే పానం. నాట్ల కారు మొదలైందంటే నాకు ఫోన్ చేసి, "కాలవకు నీళ్లు వదిలిండ్రానే?" అని అడిగేది.

మళ్లా ఓట్లొచ్చినయ్. సారు మీటింగ్ పెట్టి, "ఇంటి లోన్ల సంగతి నాకు వదిలేయుండ్రి. గెలిచినంక మాఫీ చేపిస్త. అప్పటిదాక ఒక్క కిస్తు గూడ కట్టకుండ్రి" అన్నడు. మా జనం ఎందుకు నమ్మిండ్రంటే, పంట లోన్లు మాఫీ అయినప్పుడు టైముకు కట్టినోళ్లే నష్టపోయిండ్రు. ఈసారి గట్ల కావద్దని వాడంత కిస్తులు ఆపేసింది.

నేను ఫోన్ల మొత్తుకున్న. "అమ్మా, ఇది పంట లోను గాదే. సర్కారు బ్యాంకు గాదు. ఇల్లు తాకట్టు పెట్టినవ్."

"నీకు తెల్వదు తియ్. సారే రిబ్బన్ కత్తిరించిండు, సారే మాఫీ అన్నడు. ఆయన తెరిచిన ఆఫీసు ఆయన మాట వినదా?"

సారు గెలిచిండు. మాఫీ రాలే. కంపెనీ మనుషులొచ్చి అరుగు మీద కూసునుడు మొదలుపెట్టిండ్రు. వడ్డీ మీద వడ్డీ పడ్డది. ఇల్లు వేలమేస్తమని నోటీసొచ్చింది. నేను సెలవు పెట్టి ఉరికిన.

నేనున్నప్పుడే పెయింటర్ ఎర్ర రంగు డబ్బాతోని వచ్చిండు. వెనక కంపెనీ మనుషులు. "చిన్నమ్మా..." అని రంగు డబ్బా కింద పెట్టిండు. అమ్మకు సమజైంది. "రాయి బిడ్డా. నీ కూలి నీకు రావాలె గదా" అన్నది. గోడ మీద సగం సారు పేరే ఉన్నది. పెయింటర్ అటు దిక్కు బ్రష్ పెట్టబోతే కంపెనీ మనిషి ఆపిండు. "సారు పేరు మీద రాయకు. ఇటు రాయి" అని నా పేరు చూపెట్టిండు. నా పేరు మీద, చిలకల మీద, "ఈ ఇల్లు తాకట్టులో ఉన్నది, ఎవరూ కొనరాదు" అని పెద్ద పెద్ద అక్షరాలు లేచినయ్. అమ్మ పెయింటర్‌కు మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. ఆ తర్వాత చానా రోజులు ముందు తలుపు తియ్యలే, దొడ్డి దిక్కు నుంచే తిరిగింది.

సారు ఇంటికి పోయినం. గేటు కాడ ఎండల నిలబడ్డం. ఆఖరికి పిలిచిండు. "అమ్మా, అది ప్రైవేటు కంపెనీ. మా చేతుల ఏముంటది? రూల్స్ రూల్సే" అన్నడు.

"రూల్స్ వదులు చేయించిన అంటివి గదా సారూ" అన్నది అమ్మ, మెల్లగ.

సారు ఫోన్ చెవికి పెట్టుకొని లోపలికి పోయిండు. థూ, గదీ వరస. బస్సుల వస్తుంటే అమ్మ ఒక్కటే మాటన్నది, "మడి అమ్మేద్దాం బిడ్డా." నేను ఏడ్చిన, అమ్మ ఏడ్వలే.

వాళ్లమ్మ ఇచ్చిన భూమి పోయింది, ఇల్లు నిలబడ్డది. వాడల కొందరికి అమ్ముకోను మడి గూడ లేదు. వాళ్లు కంపెనీకి ఇంటి తాళాలిచ్చి కూలికి వలస పోయిండ్రు.

ఆ దసరాకు నేను బక్కెట్ల సున్నం కలిపి, మొదలు ఎర్రక్షరాలు చెరిపేద్దామని పోయిన. అమ్మ బ్రష్ గుంజుకున్నది. సారు పేరు మీద రెండు పూతలేసింది, మూడోది గూడ ఏసింది. ఎర్రక్షరాల కాడికొచ్చేసరికి చుట్టూ బ్రష్ తిప్పి వదిలేసింది.

"అప్పు తీరింది గదనే, ఇంకెందుకది?" అన్న.

"దాని కింద నీ పేరున్నది. సున్నమేస్తే రెండూ పోతయ్" అన్నది.

మొన్న మళ్లా ఓట్లు. సారు మనుషులు పెయింటర్‌ను ఎంటబెట్టుకొచ్చిండ్రు. "పెద్దమ్మా, సారు పేరు రాయాలె, గోడ ఇయ్యి" అన్నరు. అమ్మ ముందు తలుపు బార్లా తెరిచి అరుగు మీద కూసున్నది.

"ఆ గోడ తాకట్టుల ఉన్నది బిడ్డా. చదువు రాదా మీకు?"

పెయింటర్ తల దించుకోని ముసిముసిగ నవ్విండు. వాళ్లు గొణుక్కుంట పోయిండ్రు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. "భలే అన్నవే అమ్మా" అన్న. అమ్మ నవ్వలే. వైరా దిక్కు పోయే బస్సును చూసింది.

"కాలవకు నీళ్లు వదిలిండ్రానే?" అని అడిగింది.

"వదిలిండ్రమ్మా" అన్న.