రసూల్ బీ వెనక్కి పంపని బస్తాలు

విశాఖలో బొగ్గు అనగానే జనానికి పోర్టులో దిగే రాక్షసి బొగ్గే గుర్తొస్తుంది. రసూల్ బీకి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. అది ఉక్కు కరిగించడానికి పనికొస్తుందేమో గానీ, దాని మీద ఒక్క కోడికాలు కాల్చి తినమనండి చూద్దాం అంటుంది. ఆమె అమ్మేది కట్టెబొగ్గు, అందులోనూ తుమ్మది, సరుగుడుది. పాతనగరంలో మామగారు పెట్టిన కొట్టును ముప్ఫై ఏళ్లుగా ఆమే నడుపుతోంది. మల్కాపురం నుంచి కంచరపాలెం దాకా సాయంత్రం పూట కబాబులు కాల్చే బళ్లలో చాలావాటికి సరుకు ఆమె దగ్గరిదే.

ఆ పేరంతా చెవితో సంపాదించుకుంది. బస్తా మూతి విప్పి, అడుగు నుంచి రెండు గడ్డలు తీసి, ఒకదానితో ఒకటి కొడుతుంది. బాగా కాలిన బొగ్గు ఖంగుమంటుంది. లోపల కట్టె మిగిలితే టప్పుమంటుంది. అలాంటిది నిప్పుల్లో పడితే పొగ కక్కుతుంది, మాంసం చేదెక్కుతుంది. విరిచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, నిజమే. కానీ విరగ్గొడితే ముక్కలూ పొడీ మిగులుతాయి, అవెవరికీ అక్కర్లేదు. అందుకే అందరూ ఆమె చెవిని నమ్ముకున్నారు.

ఆ చెవి రెండేళ్లుగా మొరాయిస్తోంది. మొదట కుడిది పోయింది, తర్వాత ఎడమదీ మందగించింది. మనుషులు దగ్గరగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి ఎలాగో పట్టుకుంటోంది. బొగ్గు మోత మాత్రం అందడం లేదు. సంగతి బయటపడితే తన మాటకు ఇక విలువుండదని భయం. అందుకని పాత అలవాటు ప్రకారం గడ్డలు కొట్టడం, తల ఆడించడం, బస్తా లోపల పెట్టించడం. మొండితనంలో ఆమెను మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

మొన్నొక మధ్యాహ్నం చుట్టాలింటికని మల్కాపురం వెళ్లి, దారిలో వరహాలు కబాబుల బండి దగ్గర ఆగింది. వరహాలు లేడు. అతని భార్య రోజారమణి, రసూల్ బీ పంపిన బస్తానే ముందు పెట్టుకుని, గడ్డ గడ్డా కొట్టి చూస్తోంది. కొన్నింటిని పక్కనున్న తట్టలో పడేస్తోంది. తట్ట సగం నిండింది.

"ఏటే రమణీ, ఏటి సేత్తన్నావ్?"

రోజారమణి ఉలిక్కిపడి లేచింది. "ఏటీ నేదు బీబమ్మా. కొన్ని సరిగ్గా కాలనేదు, ఏరతన్నాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన రంజాన్ కాడి నుంచి. మీకు ఇనబడ్డం నేదని మా ఆయన కనిపెట్టేసినాడు. సెప్తే బాధపడతారు, మనమే ఏరుకుందారి అన్నాడు."

రసూల్ బీకి కృతజ్ఞత కలగలేదు, కోపం వచ్చింది. జాలిపడి సరుకు కొనేవాళ్ల దగ్గర తను చేసేది వ్యాపారమెలా అవుతుంది? తట్టలోవన్నీ చేతిసంచిలో కుమ్మరించుకుని వచ్చేసింది.

శుక్రవారం, ఆమెకు బొగ్గు కాల్చి ఇచ్చే అప్పలసూరి ఆటోలో ఆరు బస్తాలు తెచ్చాడు. ఆమె ఆ సంచిని అతని కాళ్ల దగ్గర బోర్లించింది.

"ఇయి నీ బట్టీవే. నాకిలాంటివి పంపడానికి నీకు మనసెలా వొచ్చింది సూరీ?"

సూరి ఒక గడ్డ విరిచి చూశాడు. మొహం పాలిపోయింది. "మీరు ఏడాదై ఒక్క బస్తా కూడా ఎనక్కి పంపనేదు గదా. నా బట్టీ కుదిరిపోనాదనుకున్నాను. అందుకే ఒక రోజు ముందే తీసేత్తన్నాను. బీబమ్మకే వంక దొరకట్నేదని మా ఊళ్లో గొప్పగా సెప్పుకున్నాను."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. తిట్టడానికి తెరిచిన నోటితోనే నిజం చెప్పేసింది.

"నాకు ఇనబడదు సూరీ," అంది. "నువ్వే కొట్టి సెప్పు."

చెడ్డ సరుకు అంటగట్టాలంటే అంతకంటే మంచి అదను దొరకదు. సూరి మాత్రం బస్తాలు విప్పి, ఆమె చేసినట్టే అడుగు నుంచి గడ్డలు తీసి కొట్టడం మొదలుపెట్టాడు. రెండు బస్తాలు తనే తిరిగి ఆటోలోకి ఎత్తేశాడు. మంచి గడ్డ మోగినప్పుడల్లా అతని మొహం విప్పారుతోంది. రసూల్ బీ ఆ మొహాన్నే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్లూ ఎక్కడ బయటపడతానో అన్న భయమే గానీ, ఆ మోత ఇక వినలేనన్న దుఃఖానికి ఆమెకు తీరిక లేకపోయింది. ఇప్పుడా దుఃఖం వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మిగతా నాలుగు బస్తాలూ లోపల పెట్టమంది.