జ్వరం లేని ఇంటికి పది బ్రెడ్డులు

మొన్న కాశీబుగ్గ బేకరీలో బ్రెడ్డు పాకెట్టు కొని, సంచీలో కూడా పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని మా అత్త ఇంటిదాకా నడిచాను. దారిలో తెలిసినవాళ్ళు నలుగురు ఎదురయ్యారు. ఒకరు ఎండ గురించి మాట్లాడారు, ఇంకొకరు నా పింఛను సంగతి అడిగారు. జ్వరం ఎవరికని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు కొంచెం లోటుగా అనిపించింది.

ఇప్పటి కుర్రకారుకు ఈ మాట అర్థం కాదు. మా రోజుల్లో బ్రెడ్డంటే జ్వరం తిండి. లంఖణాలయ్యాక పాలలో ముంచి పెట్టేవారు. బేకరీలో బ్రెడ్డు అడిగితే, "ఎవరికి బాబూ, ఎన్నాళ్ళయింది?" అని కొట్టాయన ఓదార్చి మరీ ఇచ్చేవాడు. అలాంటి బ్రెడ్డును మా జంట ఊళ్ళు పలాస, కాశీబుగ్గల్లో ఒంట్లో బాగున్నవాళ్ళ చేత మొట్టమొదట తినిపించింది మా మేనత్త. కాదనేవాళ్ళుంటే రమ్మనండి, పోట్లాటకు నేను సిద్ధం.

మావయ్య పౌరోహిత్యం చేసేవాడు. కంచు గొంతు. ఓ ఏడాది ఆ గొంతుకే ఏదో జబ్బు చేసింది. ఆపరేషనయ్యాక ప్రాణం దక్కింది గాని మాట పోయింది. మంత్రం పలకని పంతుల్ని పెళ్ళికి పిలిచేదెవరు? అత్త నాలుగు రోజులు ఏడ్చి, అయిదోనాడు కళ్ళు తుడుచుకుని, జీడి ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఇడ్లీల బల్ల పెట్టింది. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. అత్త ఆ వేళ్ళనూ ముక్కులనూ లెక్కచేసే మనిషి కాదు.

ఆవిడ ఇడ్లీలకు వంక పెట్టలేం. అయినా రోజూ సగం మిగిలిపోయేవి. అప్పట్లో నేను రోజూ బస్సులో వెళ్ళొస్తూ టెక్కలిలో గుమస్తాగా చేస్తూ అత్త ఇంట్లోనే ఉండేవాణ్ణి కాబట్టి, ఆ మిగిలినవన్నీ నా పాలబడేవి. ఇలా అయితే బల్ల ఎత్తేయాలి, బల్ల ఎత్తేస్తే పొయ్యి వెలగదు. అత్త ఓ పూటంతా గేటు దగ్గర కూర్చుని గమనిస్తే కారణం తెలిసింది. లోపల ఆడవాళ్ళు జీడిపిక్కలు కొడతారు. తొక్కలోంచి కారే నూనె చేతులను నల్లగా కాల్చేస్తుంది. బూడిద రాసి ఆ జిడ్డు వదిలించుకునేసరికి తిండికిచ్చిన విరామం కాస్తా అయిపోతుంది. వదలని చేత్తో తింటే నోరు పొక్కుతుంది. అందుకని టీ నీళ్ళు తాగి సాయంత్రందాకా ఓర్చుకునేవారు. "కడుపు మండినా పర్నేదు అమ్మగోరూ, నోరు మండితే ఓర్సుకోనేం," అంది వాళ్ళలో ఓ పెద్దావిడ.

ఆ సాయంత్రమే అత్త నాతో, "ఒరే, రేపు టెక్కలి నుంచి పది బ్రెడ్డులు పట్రా," అంది.

తెచ్చాను. బస్సులో నా ఒళ్ళో బ్రెడ్డులు చూసి పక్కాయన జాలిగా జరిగి చోటిచ్చాడు. స్టాండు నుంచి రిక్షా మా వీధికి చేరేలోపే కబురు చేరిపోయింది. ఒక బ్రెడ్డంటే జ్వరం. పదంటే మావయ్య ఇక దక్కడని వీధి తేల్చేసింది. మర్నాడు అత్త కొబ్బరి కోరడం పూర్తికాకముందే బార్లీతో ఒకరు, బత్తాయిలతో ఒకరు వచ్చి కూర్చున్నారు. అరుగుమీద పేపరు చదువుకుంటున్న మావయ్య తనకేమీ కాలేదని రెండు చేతులూ ఊపి చెప్పబోయాడు. "అయ్యో, జ్వరం ముదిరి సంధి కమ్మేసింది పాపం," అన్నారు.

నేను సెలవు పెట్టి అత్త వెంట వెళ్ళాను. ఆ రోజు ఇడ్లీ వెయ్యలేదు. బ్రెడ్డు ముక్కలు పెనం మీద కాల్చి, మధ్యలో కొబ్బరి, పచ్చిమిర్చి పచ్చడి, బంగాళాదుంప కూర పెట్టి, సగందాకా కాగితం చుట్టింది. గంట కొట్టగానే ఆడవాళ్ళు వచ్చి చూసి, ఓ అడుగు వెనక్కి వేశారు. "మాకేటైందని జొరమోళ్ళ తిండెడతన్నావమ్మా?" అందా పెద్దావిడ. అత్త చేతిలో పొట్లాన్ని మళ్ళీ బల్లమీద పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే, పరామర్శలు పడలేక ఇంట్లోంచి పారిపోయి మావయ్య వచ్చాడు. సంగతి గ్రహించాడు. కాగితం పట్టుకుని ఒకటి తీసి, అందరూ చూస్తుండగా గట్టిగా కొరికాడు. మిర్చి ఘాటుకు కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, రెండోది ఇమ్మని రెండు వేళ్ళు చూపించాడు.

"సచ్చిపోతన్నారన్న పంతులుగోరే తింతన్నారు, మనకేటే!" అని పెద్దావిడ నల్లటి చెయ్యి చాపింది. ఒక ముక్క తిని, "సెయ్యి తగల్నేదు. నోరు మండితే మిరపకాయికే మండాల!" అని నవ్వింది. విరామం అయ్యేలోపు పది బ్రెడ్డులూ ఖాళీ. మంత్రం పోయినా, మావయ్య మాట అక్కడ అలా చెల్లింది.

చాలా ఏళ్ళకు ఓ పత్రికలో చదివాను: ఒక ఇంగ్లీషు దొర పేకాట మీంచి లేవలేక, ముక్కలకు జిడ్డంటకుండా రొట్టెల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడట, శాండ్‌విచ్ అన్నది ఆయన బిరుదేనట. అత్తకు చదివి వినిపించాను. "పేకాడేవాడికి పేరొచ్చిందిట్రా!" అని ఊరుకుంది. మా ఊరివాళ్ళకు అది ఎప్పుడూ అమ్మగోరి రొట్టే. ఆ గేటు నుంచి మిగతా ఫ్యాక్టరీలకు, అక్కణ్ణించి సోంపేట బస్‌స్టాండుకు, పాసింజరు బండిలో బుట్టలకెక్కి దారి పొడవునా స్టేషన్లకు పాకింది. డొంకూరులో సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాళ్ళు అందులో ఎండుచేపల వేపుడు పెట్టుకుంటున్నారని తెలిసి, అత్త చెవులు మూసుకుని, వెంటనే "రుచిగా ఉంటుందేమో కూడాను," అంది. ఇప్పుడు స్టేషను రోడ్డులో అద్దాల కొట్లలో దానికి వంద పేర్లు. నాకు మాత్రం ఏది తిన్నా పచ్చడి తక్కువైనట్టే ఉంటుంది.

మొన్న నేను బ్రెడ్డు తీసుకెళ్ళింది అత్తకే. ఎనభై దాటాయి, నాలుగు రోజులుగా జ్వరం. పాలలో ముంచి ఇస్తే మొహం తిప్పుకుంది. "జ్వరం తిండి నాకెందుకురా? కాల్చి, మధ్యలో పచ్చడి పెట్టి తే." కాగితం చుట్టి మరీ ఇచ్చాను. మెల్లగా తిని, గోడమీద మావయ్య ఫోటో వైపు చూసి, నాకు రెండు వేళ్ళు చూపించింది. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, మిర్చి నేను తినకుండానే. ఆనాడు జ్వరం లేని ఇంటికి వీధంతా పరామర్శకు వచ్చింది. ఈనాడు జ్వరమున్న ఇంటికి బ్రెడ్డు పట్టుకెళ్తుంటే అడిగినవాళ్ళు లేరు. కాలాన్ని అలా మార్చింది అత్తే గనక, ఎవరినీ తప్పుపట్టలేను.