ఒకటో తరగతిలో పరిచిన పులిబొమ్మ దుప్పటి

మా చిన్నప్పుడు... రోళ్లు పగిలే ఎండలో, ఉదయగిరి బజారు మధ్యలో, మా నాయన చంకలో పెద్ద ఉన్ని దుప్పటి పెట్టుకుని నడుస్తున్నాడు. వెనకాల కాస్త దూరంగా నేను... ఆయనెవరో నాకు తెలియనట్టు!

"ఏంరా, చలి పుట్టిందా?" అని టీ అంగడి దగ్గర ఎవరో అరిచారు. నాయన నవ్వేశాడు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

మేం కువైట్ నుంచి వచ్చి నెల కూడా కాలేదు. అక్కడ ఒక సేటు ఇంట్లో నాయన డ్రైవరు, అమ్మ వంటమనిషి. నేను అక్కడే పుట్టి, రెండో తరగతి దాకా ఇంగ్లీషులో చదివాను. సేటు పోయాక ఆయన కొడుకులు పని మాన్పించేశారు... ముగ్గురం మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం.

ఊళ్లో మాత్రం ఆ సంగతి చెబితే ఒట్టు. "పాప చదువు కోసం వచ్చేసినాం. ఇంక మూడో తరగతిలో చేరతాది. ఇంగ్లీషు దొరసాని మాదిరి మాట్లాడతాది" అని నాయన ఇంటింటా చెప్పుకున్నాడు.

మా వైపు కువైట్ నుంచి వచ్చినవాళ్లు ఎవరింటికీ ఒట్టి చేతులతో పోరు. సెంటు సీసానో, తలనొప్పి తైలమో, సబ్బులో... మరీ పెద్దమనిషికైతే పులిబొమ్మ దుప్పటి. నన్ను బడిలో చేర్చబోతూ హెడ్మాస్టరుకు దుప్పటి మోసుకుపోవాలని మా నాయనకు తోచిందంటే అందుకే.

ఆ చిన్న బడిలో సారుకు వేరే గది లేదు. ఒకటో తరగతిలోనే ఓ మూల బల్ల, కుర్చీ. పిల్లలేమో కింద, ఒట్టి బండల మీద.

సారు నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "బోర్డు మీద నీ పేరు రాయి పాపా" అన్నారు. ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను. "తెలుగులో రాయి" అన్నారు.

అంతే... నిలబడిపోయాను. మాట్లాడటం వచ్చు, అమ్మతో పోట్లాడేదంతా తెలుగులోనే. రాయడానికి మాత్రం ఒక్క అక్షరం రాదు. నా భుజం దాకా కూడా లేని పిల్లలు కిసుక్కున నవ్వారు.

"అక్షరాలు రాని బిడ్డను మూడులో ఎట్లా కూర్చోబెట్టేదయ్యా? ఒకటిలో వేస్తాను" అన్నారు సారు.

నాయన గబగబా జిప్పు కవరులో ఉన్న దుప్పటి బల్ల మీద పెట్టాడు. "కువైట్‌ది సార్, మీకోసమే తెచ్చినాను. పాపకు ఎనిమిదేండ్లు... ఒకటిలో వేస్తే ఊళ్లో తలెత్తుకోలేను సార్."

సారు ముఖం ఎర్రబడింది. "ఏందయ్యా ఇది? సీటుకు దుప్పటా?" అంటూ కవరు తోసేశారు. జిప్పు ఊడి, దుప్పటి కిందికి జారి విచ్చుకుంది.

పులి చెవి పక్కన ఇస్త్రీపెట్టెకు కాలిన మచ్చ... అయ్యో, అది మా దుప్పటే! కువైట్‌లో మేం ముగ్గురం కప్పుకున్నదే. దాన్నే నాయన ఉతికి, ఎవరినో అడిగి తెచ్చిన కవరులో పెట్టాడు. కొత్తది కొనే తాహతు మాకు లేదని నాకు తెలిసింది అప్పుడే. సారుకూ తెలిసింది.

"తీసుకుపోవయ్యా... ఇంట్లోకి పనికొస్తాది" అన్నారాయన, గొంతు తగ్గించి.

ఇచ్చిన వస్తువు వెనక్కి పట్టుకుపోవడం మా నాయన వల్ల ఎక్కడవుతుంది! "అట్లయితే పిల్లకాయల కింద పరచండి సార్" అని తనే వంగి, నాలుగు కొసలూ లాగి బండల మీద పరిచాడు. "కూర్చోమ్మా" అన్నాడు. ఆయన ముఖం చూడలేక తల వంచుకుని కూర్చున్నాను.

ఆ ఏడంతా పులి ముఖం మీద కూర్చోవాలని చిన్నపిల్లలు రోజూ కొట్లాడుకునేవాళ్లు. నేను మాత్రం ఆ మచ్చ మీదే కూర్చునేదాన్ని... ఎవరికీ కనబడకూడదని. చలికాలం వచ్చాక ఇంట్లో ముగ్గురం పాత చీరల బొంత కప్పుకున్నాం. దుప్పటి మాట ఎవరమూ ఎత్తలేదు.

పెద్దయ్యాక నేనూ కువైట్‌కే పోయాను. పోయిన జూన్‌లో అక్కడి ఉద్యోగం వదిలేసి, నా కొడుకును తీసుకుని వచ్చేశాను. వాణ్ణి చేర్చడానికి ఆత్మకూరులో ఒక బడికి వెళ్లాం. నాయన కూడా వచ్చాడు గానీ, "నేనీడ్నే ఉంటాలే" అని గేటు దగ్గరే ఆగిపోయాడు.

"వీడికి తెలుగు అక్షరాలు రావండీ..." అని లోపల భయంభయంగా చెప్పాను. "ఇంగ్లీష్ వచ్చు కదా మేడమ్, తెలుగుదేముంది" అని బడివాళ్లు నవ్వి, అడగ్గానే మూడో తరగతిలో వేసేశారు. ఇంత సులువా! ఎందుకో నాకు మళ్లీ ఆనాడు బోర్డు ముందు పడ్డ సిగ్గే ముంచుకొచ్చింది.

బయటికొచ్చి, "లోపలికి ఎందుకు రాలేదు నాయనా?" అన్నాను.

"నేనొస్తే నీకు నామోషీ కదమ్మా" అన్నాడు మామూలుగా. "ఆ పొద్దు బజార్లో ఎంత ఎడంగా నడిచినావు... తప్పిపోతావేమోనని ఎనక్కి తిరిగి చూసుకుంటానే పోయినాను."



బస్టాండు దాకా ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను. ఆయనకు మోకాళ్ల నొప్పులు... మెల్లగా నడవాల్సి వచ్చింది.

ఇప్పుడు బడిలో సీటు కోసం ఎవరూ దుప్పట్లు మోయక్కర్లేదు, అక్షరాలు అడిగేవాళ్లూ లేరు. మరి మిమ్మల్ని బడిలో వేసిన రోజు వెంట ఎవరొచ్చారు? చేతిలో ఏం పట్టుకొచ్చారు? మీరు వాళ్ల పక్కనే నడిచారా... నాలాగా వెనకెనకా?