పెట్టకి పడదు

జోగయ్య దేన్నీ కళ్ళతో చూసి నమ్మేవాడు కాదు. కొట్టి, విని నమ్మేవాడు. రాయపూర్ స్టేషన్లో ఆయన ఉద్యోగమే అది. మెయిలొచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగగానే పొడుగు కర్ర ఉన్న సుత్తి పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కో చక్రాన్నీ ఠంగుమనిపిస్తూ వెళ్ళేవాడు. బాగున్న చక్రం ఖంగున పలుకుతుంది. పగులున్నది బొంగురుగా మోగుతుంది. ఇరవై ఏడేళ్ళు అదే పని చేసినవాడికి ఇంటికొచ్చాక మాత్రం చెయ్యి ఊరుకుంటుందా? సుత్తిని స్టేషన్లో అప్పజెప్పేవాడు గానీ చూపుడువేలి కణుపుని ఇంటికి తెచ్చుకునేవాడు.

ఆ కణుపుకి అడ్డూ ఆపూ లేవు. కొత్త బిందె, పాత గోడ, మంచం కోడు, కొబ్బరికాయ, ఏదైనా సరే రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించాల్సిందే. కాలనీలో భ్రమరాంబగారి అమ్మాయి పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసిన చేత్తోనే పెళ్ళికొడుకు వీపు మీద రెండు కొట్టి, "కుర్రోడు మంచోడే గానీ లోపల జలుబుంది" అన్నాడు. మగపెళ్ళివారు మాకింత అవమానమా అని లేచి నిలబడ్డారు. తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు పదకొండు తుమ్ములు తుమ్మాడు. దాంతో వాళ్ళు మళ్ళీ కూర్చుని భోజనాలు చేసి వెళ్ళారు.

"పెళ్ళిచూపుల్నాడు నన్నూ ఓపాలి కొట్టి సూసుంటే బావుండును. ఇద్దరం బతికిపోదుం" అనేది ఆయన భార్య పార్వతమ్మ.

జోగయ్య క్వార్టరుకీ సూర్యారావు క్వార్టరుకీ గోడ ఒకటే. సూర్యారావు ధంతరి వెళ్ళే చిన్న బండికి గార్డు. ఇద్దరివీ శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబాలు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఈ కోడిపెట్ట భాగవతాన్ని సూర్యారావే రిటైరయ్యాక పదిమందికీ చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు. కాబట్టి ఆయన పరువు గురించి మనం దిగులుపడనక్కర్లేదు.

డెబ్భై మూడో సంవత్సరం చలికాలంలో సూర్యారావుకి ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు. ఒకరోజు కురూద్ స్టేషన్లో బండి కదిలే వేళకి పచ్చజెండా ఎత్తి, ఈల నోట్లో పెట్టి ఊదితే గాలి వచ్చింది గానీ ఈల రాలేదు. ఇంజన్లోంచి డ్రైవర్ పరదేశి తల బయటపెట్టి, "గార్డ్ బాబూ, సీటీ బజాయే హస్ కే ఖాలీ ఫూంకే హస్?" అని అడిగాడు, ఈల వేశావా, ఉత్తినే ఊదావా అని. "సీటీ ఖరాబ్ హై" అన్నాడు సూర్యారావు. స్టోర్సులో కొత్త ఈల ఇప్పించుకున్నాడు. అదీ ఖరాబే అయింది.

మార్చిలో మెడికల్ ఉంది. గార్డులను కొన్నేళ్ళకోసారి పిలిచి కళ్ళూ గుండే ఊపిరీ చూస్తారు. తప్పితే జెండా, ఈల లాక్కుని ఏదో ఆఫీసులో మూల కుర్చీ చూపిస్తారు. ఇరవై రెండేళ్ళు గార్డు సూర్యారావుగా బతికిన మనిషి రేపట్నుంచి ఉత్త సూర్యారావు అయిపోతాడు. ఆ భయంతో ఆయనకి అన్నం సయించేది కాదు. పోనీ రైల్వే ఆసుపత్రికి వెళ్దామా అంటే అక్కడ కాగితం మీద రాస్తారు. అందుకని తెలివైన పని ఒకటి చేశాడు. కఫం కరుగుతుందని రోజుకి నాలుగు చుట్టలు కాల్చేవాడల్లా ఆరు కాల్చడం మొదలుపెట్టాడు.

ఈలోగా దేవుడు ఆయనకో కోడిపెట్టను అడ్డుపెట్టాడు. దాని పేరు దొరసాని. ఎనిమిదేళ్ళది. గుడ్లు పెట్టడం మానేసి రెండేళ్ళయింది. పెరట్లో తల ఎగరేసుకు తిరుగుతూ పెన్షను తింటోంది. చలికి వణుకుతోందని సూర్యారావు భార్య రమణమ్మ దాని గంపను వెనక వరండాలో, ఆయన మంచం పక్కనే పెట్టింది. బొగ్గుల కుంపటి రాజేసేదీ ఆ వరండాలోనే. వారం తిరక్కుండా దొరసానికి నిజంగానే రొప్పు వచ్చింది. మెడ చాచి, ముక్కు తెరిచి, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఆడిస్తూ గొంతులో గరగరలాడేది.

ఒకనాడు తెల్లారగట్ల రమణమ్మ కుంపటి రాజేస్తూ చెయ్యి ఆపింది.

"ఏటండీ ఆ కూతలు?"

కూతలు సూర్యారావువి. మంచం మీద లేచి కూర్చుని, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, గంప వైపు వేలు చూపించాడు. దొరసాని ఆ సమయానికి నోరు తెరిచే ఉంది.

"పెట్ట" అన్నాడు.

"అయితే మరెన్నాళ్ళో బతకదు. ఆదివారం కోసేద్దాం" అంది రమణమ్మ.

సూర్యారావు గబగబా లెక్క వేసుకున్నాడు. ఆదివారం పెట్ట కూరైపోతే, సోమవారం పొద్దున్న కూసేది ఎవరు? ఎనిమిదేళ్ళలో ఒక్కనాడూ దానికి గుప్పెడు నూకలు చల్లి ఎరగని మనిషి, "పెంచుకున్న జీవం కదే, నీకు చేతులెలా వస్తాయి? వైద్యం చేయిద్దాం" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయనకి నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. రమణమ్మ ఆయన మొహం కేసి కాసేపు చూసి, గోడ అవతలికి కేకేసింది.

"అన్నయ్యా, ఓసారి వస్తావేటి. మా పెట్టకి ఒంట్లో బాలేదు."

జోగయ్య వచ్చి గొంతుక్కూర్చుని, దొరసాని వీపు మీద కణుపుతో రెండు కొట్టి చెవి ఆనించాడు. అది ఆయన చెవిని పొడిచింది. తుడుచుకుని మంచం కోడు కొట్టాడు, గోడ కొట్టాడు. తర్వాత లేచి సూర్యారావు వీపు మీద కూడా రెండు కొట్టి చెవి పెట్టాడు.

"నన్నెందుకు బావా?"

"బాగున్నదాన్ని కూడా కొట్టి చూడాల. లేపోతే తేడా ఎలా తెలస్తాది? ఊపిరి పీల్చు."

సూర్యారావు పీల్చినట్టు భుజాలు మాత్రం ఎగరేశాడు. జోగయ్య చాలాసేపు విన్నాడు. తర్వాత పెద్దమనిషిలా తల పంకించి, "పెట్టదే" అన్నాడు.

సూర్యారావుకి ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే కొంచెం గర్వం కూడా వచ్చింది. రాయపూర్ స్టేషన్లో జోగయ్య చెవి అంటే చెవి అని చెప్పుకుంటారే, ఇదా ఆ చెవి? ఈయన కొట్టి పంపిన బండ్లలో పాపం ఎంతమంది ప్రయాణం చేస్తున్నారో అని జాలిపడ్డాడు కూడాను.

మర్నాడు గంపను సైకిలుకి కట్టుకుని ఇద్దరూ పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. సూర్యారావు బయట సైకిలు దగ్గర కాపలా ఉన్నాడు. అక్కడ కూడా గేదెలు తోలుకొచ్చినవాళ్ళు తన కూతలు వింటారేమోనని భయం. జోగయ్య లోపలికి వెళ్ళి ఒక పొడి పొట్లంతో తిరిగొచ్చాడు.

"ముసల్ది కదా, రొమ్ము పట్టేసిందన్నాడు డాక్టరు. ఈ పొడి అయిదు దినాలు నీళ్ళలో కలిపివ్వాల. పొడి గడ్డి వెయ్యాల. పొగ తగలకూడదు. కుంపటి పెరట్లోకి మార్చీమన్నాడు."

"అలాగే."

"చుట్ట వాసన కూడా పెట్టకి పడదంట."

సూర్యారావు తోస్తున్న సైకిలు ఆపాడు. "బయటికెళ్ళి కాల్చుకుంటాలే."

"బట్టలకి వాసనుంటాది. పెట్టకి పడదు. నీ ఇష్టం బావా, ఆదివారం కోసేద్దామని చెల్లెమ్మ అంటోంది మరి."

చుట్టల కట్ట ఆ సాయంత్రమే జోగయ్య చేతికి వెళ్ళిపోయింది. అక్కడితో ఆగలేదు. రోజుకో కొత్త పథ్యం గోడ దాటి వచ్చేది. పెట్టకి పొద్దునా సాయంత్రమూ ఆవిరి పట్టాలన్నాడు. ఒక్కదాన్నే దుప్పటి కింద పెడితే బెదిరిపోతుంది గనక సూర్యారావు కూడా దాన్ని పట్టుకుని లోపల దూరాలన్నాడు. తల ఎత్తులో ఉండాలి గనక సూర్యారావు రెండు తలగడలు వేసుకుని పడుకోవాలన్నాడు.

"నేను తలగడ వేసుకుంటే పెట్టకేటి లాభం?"

"నిన్ను చూసి అదీ మెడ ఎత్తుకుని పడుకుంటాది. కోళ్ళకి చూసింది చెయ్యడం అలవాటు."

ఇదీ నిజమే కాబోలనుకున్నాడు సూర్యారావు. తను ఒకర్ని మోసం చేస్తున్నానన్న ఆనందంలో ఉన్న మనిషికి ఎదుటివాడి మాటలు విచారించే తీరికెక్కడిది?

అన్నిటికంటే ఘోరం ఉదయపు షికారు. పెట్టకి పొద్దుటి గాలి తగలాలట. సూర్యారావు గార్డు కోటు వేసుకుని, దొరసానిని సంకలో పెట్టుకుని, రైల్వే మైదానం చుట్టూ నాలుగు చుట్లు నడిచేవాడు. రెండో చుట్టులో పరదేశి ఎదురై, "ఓకర్ టికట్ లే హస్ కా?" అని దొరసానికి టిక్కెట్టు తీసుకున్నావా అని అడిగేవాడు. రోజూ అదే ప్రశ్న. రోజూ పరదేశి కొత్తగానే నవ్వేవాడు.

అలా నెల గడిచింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జోగయ్య వరండాలోకి వచ్చేసరికి సూర్యారావు దుప్పటి కప్పుకుని గిన్నె ముందు కూర్చుని ఆవిరి పడుతున్నాడు. దొరసాని పెరటి గోడెక్కి కాకితో తగువాడుతోంది.

"బావా, పెట్ట గోడ మీదుంది" అన్నాడు జోగయ్య.

సూర్యారావు దుప్పటి అంచు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"మరి లోపలెవరు?"

సూర్యారావు దుప్పటి తీశాడు. మొహం ఆవిరికి ఎర్రబడిందో, సిగ్గుకి ఎర్రబడిందో ఆయనకే తెలీదు. "ఆ కూతలు నావే బావా. మొదట్నుంచీ నావే. నీకు చెప్పకుండా దాచాను. మెడికల్ అంటే భయమేసింది."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కొట్టిన దినాన్నించి. పెట్టది పైన, గొంతులో గరగర. నీది అడుగున, సన్నంగా ఈల. రెండూ ఒకటనుకోడానికి నా చెవులు ఎక్కడైనా తాకట్టు పెట్టీనానేటి? పెట్టకి అయిదో నాటికే నిమ్మళించింది."

"మరి ఇన్నాళ్ళూ దానికి ఆవిరెందుకు పట్టించావు?"

"నిన్ను పట్టమంటే పడుదువా? చుట్ట ఒగ్గమంటే ఒగ్గుదువా? మెడికల్ మాటెత్తితే నాతో మాటలే మానేద్దువు."

పెరట్లోంచి రమణమ్మ గొంతు వినిపించింది. "అయిపోయిందా అన్నయ్యా మీ నాటకం? కుంపటి లోపలికి తెచ్చుకోనా?"

సూర్యారావు నోరు తెరిచాడు. "నువ్వు కోసేస్తానన్నావు కదే."

"నేను పెంచిన పెట్టని నేనే కోసుకుంటానేటి? మీరు కదలాలని అన్నాను. అంతే."

తర్వాత తెలిసిందేమిటంటే పరదేశికీ తెలుసు, పాలవాడికీ తెలుసు, చివరికి భ్రమరాంబగారికీ తెలుసు. కాలనీ అంతా కలిసి ఒక మనిషి సంకలో కోడిని పెట్టి మైదానం చుట్టూ తిప్పింది. మోసపోయింది తనొక్కడే అనుకుని సూర్యారావు ఆ పూట భోజనం దగ్గర తలెత్తలేదు. కానీ రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

"మార్చిదాకా ఆగకు. రేపు నువ్వే ఎల్లి డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు జోగయ్య వెళ్తూ. "బండెడు మందిని నీ జెండా కింద ఏసుకుని తిరుగుతున్నావు. అనుమానమున్న చక్రాన్ని నేనెలా వదుల్తాను?"

వెళ్ళాడు. రైల్వే డాక్టరు సూర్యారావుని ముందూ వెనకా వేళ్ళతో కొట్టి చూస్తుంటే, ఈ పని ఇంతకంటే బాగా చేసేవాడు మా గోడ పక్కనున్నాడని చెప్పాలనిపించి ఊరుకున్నాడు.

"బీడీ, సిగరెట్?" అని అడిగాడు డాక్టరు.

"చుట్టా సాబ్. మానేసి నెల దాటింది."

"కైసే ఛోడా?" ఎలా మానావు అని.

"ముర్గీ కో నహీ చల్తా సాబ్" అన్నాడు, పెట్టకి పడదు అని.

డాక్టరు కలం కిందపెట్టి, ఆయన్ని ఇంకోసారి పరీక్షించాడు. మాత్రలిచ్చి, వారం వారం రమ్మని, మార్చి మెడికల్ అయ్యేదాకా బండెక్కొద్దన్నాడు. ఆ నాలుగు వారాలూ సూర్యారావు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మార్చి మెడికల్లో గట్టిగా ఊదమన్నారు. ఊదాడు. పాసయ్యాడు.

ఆ సంతోషంలో సొంతూరి నుంచి మంచి పొగాకు చుట్టల కట్ట ఒకటి తెప్పించి, తనకి రాత లేకపోయినా జోగయ్యైనా కాల్చుకుంటాడని గోడ పక్కింటికి వెళ్ళాడు. జోగయ్య డ్యూటీలో ఉన్నాడు. పార్వతమ్మ తలుపు తీసి, కట్ట చూసి వెనక్కి జరిగింది.

"ఎవరికి తమ్ముడూ ఇయ్యి? మీ బావ మానీసి రెణ్ణెల్లు దాటిపోనాది."

"బావ మానేశాడా? ఎందుకప్పా?"

"గోడవతలకి వోసన పోతాదంట. మీ పెట్టకి పడదంట. నీ కట్ట తెచ్చిన్నాడే తన కట్ట కూడా పొయ్యిలో ఎట్టీసినాడు. డ్యూటీ నించొచ్చి చుట్ట లేక బెల్లం ముక్క బుగ్గనెట్టుకుని, చేతులు నలుపుకుంటా కూకునీవోడు. పెళ్ళైన కాణ్ణించి నాను మొత్తుకుంటే ఒగ్గలేదు. పక్కింటి కోడి కోసం ఒగ్గీసినాడు." ఆమె గొంతులో కొంచెం కోపం, కొంచెం ఆశ్చర్యం ఉన్నాయి. కాలనీలో ఆ పెట్ట రోగాన్ని చివరిదాకా నమ్మినామె ఈవిడొక్కతే. "అంత సుకుమారవేటి తమ్ముడూ ఆ పెట్ట?"

సూర్యారావు చుట్టల కట్ట వీపు వెనక్కి దాచుకున్నాడు.

"సుకుమారం కాదప్పా. వొట్టి మొండి పెట్ట. మంచిగా చెప్తే వినదు. పైగా అబద్ధాలు."

"కోడి అబద్ధాలాడతాదేటి?"

"ఆడతాదప్పా. నెలన్నర ఆడింది. బావ గనక భరించాడు."